ఏడో బార

నెల్లూరు రికార్డు గదిలో ఆ పటం మడతలు విప్పితే
ఉప్పు వాసన రాలేదు, చెదల పొడి రాలింది.
సముద్రం మీద చీమల బారులా అంకెలు.

పన్నెండేళ్లకే ఓడెక్కాడట పోలాక్.
తండ్రి పల్లెటూరి పాదిరి, ఇంట్లో తొమ్మండుగురు పిల్లలు,
ఒక నోరు తగ్గితే చాలనుకున్నారు.
మొదటేడంతా వాంతులు.
పంతొమ్మిదో ఏట ఎడమచేతి రెండు వేళ్లు
ఏదో ఫ్రెంచి ఓడకు ఇచ్చేశాడు.
లెఫ్టినెంటయ్యాడు. అక్కడే లంగరు పడింది,
పదిహేనేళ్లు.
పైవాడు చస్తేగాని కిందివాడు లేవని కొలువది.
ఇంతలో యుద్ధం ఆగింది, చావులూ ఆగాయి.
లోకమంతా సంబరపడితే
అతను సగం జీతం లెక్క వేసుకున్నాడు.

అట్టా దొరికింది ఎవరూ ఒప్పుకోని పని:
ఇసకపల్లి ముందు నీళ్ల లోతు కొలవడం.

తెప్ప మావాళ్లది. పామంజి పోలయ్యది.
సీసపు గుండు అడుగున కొవ్వు పూసి వదిలితే
దొర తాడు చూసేవాడు,
పోలయ్య కొవ్వుకంటిన మట్టిని నాలిక్కి రాసుకునేవాడు.
"ఇది పెన్న తెచ్చిన బురద దొరా,
మళ్లీ వరదొస్తే ఈడుండదు."
దుబాసీ ఆ మాట చెప్పాడో మింగాడో,
పటంలో మాత్రం లేదు.

తాడుకు గుర్తులుంటాయి.
రెండో బారకు తోలు, అయిదుకు తెల్లగుడ్డ, ఏడుకు ఎర్రది.
ఎర్రది ఉప్పుకు చివికి ఊడిపోయిన పొద్దు
పోలయ్య పెళ్లాం మంకమ్మ కొంగు చివర చించి ఇచ్చింది.
ఊరికే కాదు, రెండు డబ్బులు తీసుకుంది.
ఇది మా నాయనమ్మ చెప్పే సంగతి,
రెండు డబ్బుల దగ్గర ప్రతిసారీ నవ్వేది.

బార అంటే ఎంతని దొర అడిగితే
పోలయ్య రెండు చేతులూ చాచాడంట.
దొరా చాచాడు.
ఒకవైపు రెండు వేళ్లు తక్కువ.

కెప్టెన్ హోదా ఉత్తరం
ఆరు నెలలు సముద్రమ్మీద నాని వచ్చింది.
ఓడ మాత్రం రాలేదు.
ఆ తర్వాతి బతుకు పటానికి తెలీదు.

వెళ్లేముందు ఇసక తిప్పకు తన పేరు రాసుకున్నాడు, పోలాక్ అని.
మావాళ్లు ఇప్పటికీ పోలయ్య తిప్పనే అంటారు.
నోరు జారిందో, కలం జారిందో
నేను తేల్చకూడదు,
నా ఇంటిపేరూ పామంజే.

తిప్పే లేదిప్పుడు.
మొన్న మా తమ్ముడి మరపడవ ఆ చోటు మీదుగా పోతుంటే
మిషను పదకొండు బారలు చూపించిందంట.

పటం మళ్లీ మడిచేముందు వెతికాను.
అంకెలన్నీ నల్లసిరాతోనే ఉన్నాయి,
ఏడు కూడా.