ధర్మకాటా

ప్రతి లారీ రెండుసార్లు నా కాటా ఎక్కుతది.
పోయేటప్పుడు ఖాళీగ,
వచ్చేటప్పుడు కొండ ముక్కను మోసుకొని.
రెండిటి నడుమ తేడాను
ఒక చిన్న చీటీ మీద యంత్రం బయటికి తోస్తది.
కింద మూలకు, చీమలంత అక్షరాల్లో:
ఆపరేటర్, తోకల సునంద.

ఆల్లపల్లి నుంచి ఆష్టి పోయే రోడ్డు పక్కన
రేకుల గది, ఒక ఫ్యాను, ఒక స్క్రీను.
బయట బోర్డు మీద ధర్మకాటా అని మరాఠీలో.
కిటికీ తుడిస్తే గుడ్డ ఎర్రగైతది.
దాన్ని పిండితే పావుకిలో ఇనుమొస్తదని
డ్రైవర్లు నవ్వుతరు.

మా అమ్మ రాజుబాయిది వేరే లెక్క.
ఎండకాలం, తునికాకు కల్లం.
డెబ్బై ఆకులు ఒక కట్ట.
మున్షీ కట్టను చేతిల ఎగరేసి
పల్చగున్నదని పక్కకు పడేస్తే
అమ్మ మాట్లాడకుండ ఇంకో రెండాకులు కలిపేది.
ఆ రెండాకులు నా కాటాకు కనపడవు.
పది కిలోలకు తక్కువైనదేదీ దీని దృష్టిల లేనట్టే:
కోడి, చంటిపిల్ల,
అమ్మ కుదువబెట్టిన వెండి కడియాలు.

పని నేర్పిన రోజు సూపర్‌వైజర్ చెప్పిండు,
డ్రైవర్ని దించే పని లేదు.
ఖాళీల వాడుంటడు, లోడుల వాడుంటడు,
ఇందులకెళ్ళి అది తీసేస్తే
వాడు తనంతట తనే పోతడు.
ఇంత శుభ్రమైన మాట
లెక్కల పుస్తకంల కూడ చదవలే.
క్యాబిన్ వెలుగుల తల వాల్చి కునికే మొఖాలను చూస్తే
ఇప్పటికీ అదే గుర్తొస్తది.

ఆ శ్రావణం రాత్రి
సహానీ ఒక్కడే పోయిండు కొండకు.
వచ్చేటప్పుడు పక్క సీట్ల దుంగా.
పుంగాటోళ్ళ దుంగా.
వాళ్ళమ్మదీ మా అమ్మదీ ఒకే కల్లం.
ఒళ్ళో ప్లాస్టిక్ సంచి,
సంచిల పదో తరగతి మార్కుల కాయితం.
"ఫ్యాక్టరీకి" అన్నడు.
నాతోటి ఎప్పుడూ మాడియాల మాట్లాడేటోడు
ఆ రాత్రి ఎందుకో తెలుగుల అన్నడు.

దించి తూయాలె. రూలు.
వాన దంచుతున్నది.
వెనక పదిహేడు లారీల హారన్లు.
బటన్ నొక్కిన.

యాభై కిలోల పిల్లగాడు
ఇనుపరాయి లెక్కల కలిసిపోయిండు.
వాని మీద రాయల్టీ కట్టిండ్రు,
జీఎస్టీ కట్టిండ్రు.
ఆ నెల పేపర్ల వచ్చిన పెద్ద అంకెల
ఎక్కడో చివర, చుక్క దాటి,
సంచి ఒళ్ళో పెట్టుకొని
వాడు కూసున్నడు.
నేనెవ్వరికీ చెప్పలే.

ఏడాదిన్నర.
ఊర్లకు ఏటీఎం వచ్చింది,
దాంట్ల అప్పుడప్పుడు పైసలు కూడ ఉంటున్నయి.
రెండు లాడ్జీలు, బైకుల షోరూము,
అంబులెన్సుకు దారియ్యని లారీల తోక.
అమ్మ మోకాళ్ళ మందులు నా జీతంతోనే.
చెడ్డదని ఏ నోటితోటి అనాలె?
గుడ్డ పిండినప్పుడు మాత్రం
బకెట్ల నీళ్ళ దిక్కు చూడను.

మొన్న నడిరాత్రి
పైన ఏదో లారీ బోల్తాపడి రోడ్డు ఖాళీ.
కప్పలు మొదటిసారి వినపడ్డయి.
బైకు ఆగింది. దుంగా.
పసుపు హెల్మెట్, ముందు ఇనుమున్న బూట్లు.
కాటా నడుమ నిలబడి చెయ్యూపిండు,
"అక్కా, తూయి."

స్క్రీను కాసేపు ఆలోచించింది.
అరవై.
"చూసినవా, పది పెరిగిన!"
సహానీ చెప్పిండో, చీటీ వీడే చదివిండో,
అడగలే.

తరువాత హెల్మెట్ తీసి రోడ్డు మీద పెట్టిండు.
వంగి, నిదానంగ, బూట్ల తాళ్ళు విప్పిండు.
ఉత్త కాళ్ళతోటి
చల్లటి పలక మీద మళ్ళీ నిలబడ్డడు.

యాభైకి, అరవైకి నడుమ
అంకె కొట్టుకున్నది, కొట్టుకున్నది.
ఏదో ఒకదాని మీద ఆగేలోపల
మలుపు కాడ లైట్లు పడ్డయి.
బూట్లు చేత పట్టుకొని
వాడు పక్కకు ఉరికిండు.