కరెంటు సారు

ముందు ఆమే గుర్తుపట్టింది,
హన్మకొండ చౌరస్తాలో, మందుల దుకాణం మెట్ల మీద,
చంకలో ఎక్సరేల కవరుతో.
"కరెంటు సారువు గదా నువ్వు?"
పింఛనుకెక్కినంక ఆరేండ్లుగా
ఎవరూ పిలవని పేరు.

కుసుమ ఓదెమ్మ. కొత్తవాడ. గర్భసంచి మూతి.
మనుషులు నాకు రోగంతో సహా గుర్తుంటారు,
సిగ్గుపడాల్సిన అలవాటే.

పదమూడేండ్ల కింద ఆమె పొత్తికడుపు మీద
సూదితో మూడు నల్లచుక్కలు గుచ్చింది నేను.
"మా అవ్వకు పచ్చబొట్టు పొడిచినామె పాట పాడిందట,
నువ్వేం పాడవా?"
కదలకు, అన్నాను.
బరువు తలుపు మూసి, బయటికొచ్చి, మీట నొక్కాను.
ఆమెకూ నాకూ నడుమ
మూడడుగుల గోడ, ఒక సీసపు అద్దం.
లోపల మంట లేదు, వాసన లేదు.
పైన ఫ్యాను తిరుగుతుంటే
ఆమె దాని రెక్కలు లెక్కపెట్టేది.

ఇరవై అయిదు దినాలు.
ఆఖరి నాడు జానెడు జంపఖానా ముక్క తెచ్చి
నా కుర్చీలో పరిచింది.
ఆ తర్వాత ఎన్ని గజాలు నేసిందో
రాసుకునే గడి మా రిజిస్టర్లో లేదు.

ఇప్పుడు గుంటమగ్గంలో కాళ్ళు దించితే
కూసునే బొక్క సలుపుతున్నదట.
కాగితం చేతికిచ్చింది. పైకి చదివాను.
ఒక వాక్యం కాడ గొంతు నిలిచిపోయింది.
"ఆగినవేంది సారూ? డాక్టరమ్మ చెప్పనే చెప్పింది.
అప్పుడు పెట్టిన కరెంటే
గిప్పుడు బొక్కల గడ్డయి మొలిచిందట."

ఆటోవాళ్ళు హంటర్ రోడ్డు, హంటర్ రోడ్డు అని అరుస్తున్నారు.
నేను నా చెప్పుల వైపు చూశాను.

"రంగు గట్టిగ ఎక్కాలంటే నీళ్ళు మరగాలె.
మరిగితే నూలు కొంత సస్తది.
రంగు లేకుంట ఎవడు కొంటడు?"
ఓదార్చడానికి కాదు,
కూలి లెక్క చెప్పినట్టు అన్నది.
ఆ జంపఖానా ముక్క ఇంట్లో ఇంకా ఉంది.
ఎరుపు వెలిసింది. నీలం అట్లనే ఉన్నది.

మద్రాసులో రేణువుల యంత్రానికి రాసిచ్చారట.
"గదేం కరెంటు?"
చెప్పాను: నాది దూసుకుపోయే వెలుతురు,
ముందు నుంచి వెనక దాకా
దారిపొడుగునా ఇంత ఇంత కాల్చుకుంటూ పోతుంది.
ఒకసారి కాలిన పేగులు రెండోసారి మోయలేవు.
ఈ రేణువులకు బరువుంటుంది,
దారిలో అంత ఆగం చేయవు,
చెప్పిన లోతుకు పోయి
తెచ్చిన మూట అక్కడే దించి ఆగిపోతాయి.

"నాడె అంచు కాడ ఆగినట్టా?"
అట్లనే.
"మరి నీది ఆగకపాయె?"
దానికి ఆగుడు రాదు, ఓదెమ్మా.

తగ్గుతదా అని అడగలేదు.
అడిగితే నా దగ్గర ఏముంది?
ఆడ మళ్ళ చుక్కలు పెడుతరా అని అడిగింది,
పాతయి మూడున్నయి గద, సరిపోవా అని.

అక్కడివాళ్ళకు పాత లెక్క కావాలి,
ఏ పక్క నుంచి ఎంత పడిందో, ఎన్నాళ్ళు పడిందో.
తెల్లారి దవాఖాన వెనక స్టోరు గది తెరిపించాను.
చెదలు. గబ్బిలాల వాసన. తాడు తెగిన కట్టలు.
రెండు దాటినంక దొరికింది:
నా చేతిరాత, ఇరవై అయిదు టిక్కులు,
పద్దెనిమిదో గడి పక్కన
"కరెంటు లేదు, రేపు రమ్మన్నాను".
ఆ రాత్రి ఆమె వరండాలోనే పడుకున్నది,
చెప్పులు తలకింద పెట్టుకుని.

అప్పట్లో టిక్కు పక్కన పొడి అక్షరాలే వేసేవాణ్ణి.
నకలు తీయించి, అడుగున ఈసారి
పూర్తి పేరు రాశాను, మహమ్మద్ యాకూబ్ పాషా.
ఫోను నెంబరు కూడా.