తెల్లచెక్క కనబడే దాకా

ఉక్కునగరం, ఆరో సెక్టారు.
మాకంటే ముందు ఈ క్వార్టర్లో ఉన్నవాళ్లు
తాళంచెవితో పాటు
ఒక నారింజ చెట్టును అప్పజెప్పి వెళ్లారు.
పులుపు. నోట పెట్టలేం.
గేటు పక్కన నిండుగా కాసి నిలబడడమే దాని ఉద్యోగం.

ఈ ఏడు ఆకుల మీద గోధుమరంగు పొక్కులు,
చుట్టూ పసుపు వలయం.
తర్వాత కాయల మీద. తడిమితే గరుకు కాగితం.
కొన్ని రెమ్మలు కొసల నుంచి ఎండుకొస్తున్నాయి.
"గజ్జి. దానెనకాలే ఎండుతెగులు," అన్నాడు దాలినాయుడు
చెప్పులు గేటు బయటే విడిచి.
"వాన పడిందా, సుక్క సుక్కకీ ఎగబాకుతాది.
ఈ వారమే కొయ్యాల."

నైట్ షిఫ్టు దిగి వచ్చాను.
ఎనిమిది గంటలు క్రేన్ క్యాబిన్లో కూర్చుని
ఎర్రటి ఉక్కు దిమ్మల్ని ఎత్తి దించిన చేతులు
ఆ చిన్న కత్తెర దగ్గర తడబడ్డాయి.

కొమ్మ కొమ్మకీ కత్తెరని స్పిరిట్లో ముంచుతాడు.
ముంచకపోతే?
"రోగాన్ని మనమే మోసుకెళ్లి అంటించినట్టమ్మా."
కోసినచోట వంగి చూస్తాడు.
మరక.
ఇంకో జానెడు కిందికి.
మరక.
ఇంకో బెత్తెడు.
"తెల్లసెక్క అగుపడ్డాకే ఆగాల."

గోడవైపు కొమ్మకి పన్నెండు కాయలు.
మా హిమజ రోజూ బడికి పోతూ లెక్కపెట్టే కొమ్మ.
అదొక్కటీ వదిలేద్దాం, అన్నాను.

అతను వాదించలేదు.
కత్తెర మొనతో మా వంటగది కిటికీని చూపించాడు.
"అక్కడి నుంచి ఆ లైటు స్తంభం దాకా మా జీడితోట.
నాకప్పుడు పద్నాలుగేళ్లు.
రెండు రోజుల్లో కొట్టేసినారు.
ఆటికే తెగులూ లేదు."

చొక్కా జేబులో, ప్లాస్టిక్ కవర్లో
వాళ్ల నాన్న పేరున్న ఆర్ కార్డు
ఇప్పటికీ మడత నలగకుండా.
ఉద్యోగం అడిగిన చోటల్లా చూపించిన కార్డు.
నేను ఉద్యోగం చేస్తున్న చోట.

ఏమనాలో తెలియలేదు.
కత్తెర అందుకుని, స్పిరిట్లో ముంచి
పన్నెండు కాయల కొమ్మని నేనే కోశాను.
హిమజ రాత్రి అన్నం దాకా నాతో మాట్లాడలేదు.

మైలుతుత్తం, సున్నం కలిపి
గాయం గాయానికీ పూశాం.
చెట్టంతా నీలం బొట్లు.
కోసిన కొమ్మల్ని పాత డ్రమ్ములో అంటిస్తే
పచ్చి ఆకుల్లో నూనె చిటపటలాడింది.
పై ఫ్లాటు ప్రసూనగారు తొంగి చూసి
"ఏం వండుతున్నారండీ, ఇంత కమ్మగా?" అన్నారు.

చెట్టు ఇప్పుడు చూడ్డానికి బాగాలేదు.
మధ్యలోంచి ప్లాంటు చిమ్నీ కనిపిస్తోంది,
గాలి అడ్డం లేకుండా పోతోంది.
అదే కావాలట దానికి.

మధ్యాహ్నానికి గంగవరం వైపు మబ్బు లేచింది.
దాలినాయుడు కూలిడబ్బులు లెక్కపెట్టకుండానే
ఆ కార్డు పక్కన దోపుకుని
తల పైకెత్తి
"ఆరనియ్యి, కాసేపు ఆరనియ్యి," అన్నాడు.
నాతో కాదు.