ముందుకి చూసే సీటు

పోటీ ఇంకా మూడు వారాలుందనగా
మైకు పెట్టె తిరిగి ఇచ్చేశాను.
దాని పట్టీకి నా చెమట, నా కొబ్బరినూనె వాసన.
మిస్ గల్లాహర్ అటూ ఇటూ తిప్పి చూసింది,
పాడైందేమో అన్నట్టు.
"పనిచేస్తోంది మిస్," అన్నాను.
"మరి?" అంది.

పన్నెండో క్లాసు కదా, చదువు కోసం అని చెప్పాను.
ఆ అబద్ధం అందరికీ సరిపోయే సైజులో దొరికింది.
నాన్న వెంటనే తొడుక్కున్నాడు.
మెల్బోర్న్ నుంచి ఫోన్‌లో పిన్ని కూడా తొడుక్కుంది,
"మంచి పని చేశావే, ఆ నీళ్లలో ఏముంది" అని.
అమ్మ మాత్రం బరువు చూసుకునే మిషన్ని
బాత్రూంలోంచి తీసి మంచం కిందకి తోసింది.
ఆ రాత్రి రెండోసారి అన్నం వడ్డిస్తూ
నా మొహం వంక చూడలేదు.

నిజం చాలా చిన్నది, చెబితే నవ్వుతారు.

ఒక తెల్లవారుజామున, వెండౌరీ చెరువు మీద
ఆవిరి ఇంకా లేవలేదు.
పడవలో ఎనిమిది మంది వెనక్కి చూస్తూ ముందుకి పోతారు.
ముందుకి చూసేదాన్ని నేనొక్కదాన్నే.
తెడ్డు ముట్టను.
చుక్కాని తాళ్లు రెండు, గొంతు ఒకటి, అదే నా ఆస్తి.
దారికి అడ్డంగా ఒక నల్లహంస,
తల రెక్కలో దూర్చుకుని నిద్రపోతోంది.
"గట్టిగా పది!" అని అరవాలి.
నోరు తెరిచాను.
దాన్ని లేపాలనిపించలేదు.

తాడు లాగి పడవని పక్కకి తిప్పాను, మాట లేకుండా.
లయ చెడింది. తెడ్లు తెడ్లకి తగిలాయి.
వెనక నుంచి బ్రాంటీ ఒక బూతుమాట విసిరింది.
హంస లేవలేదు.

ఆ తర్వాత కూడా రెండు వారాలు అరిచానులే,
అద్దెకి తెచ్చుకున్న గొంతుతో.

మూడేళ్లు నాలుగున్నరకి అలారం.
చలికాలం కారు అద్దం మీది మంచుని
నాన్న పాత లైబ్రరీ కార్డుతో గీకేవాడు.
హీటరు వేడెక్కేలోపే చెరువు వచ్చేసేది.
ఇప్పుడూ నాలుగున్నరకి వంటింట్లో కుళాయి చప్పుడు.
అలారం తీసెయ్యలేదా అంటే
ఎప్పుడో తీసేశానన్నాడు.

ఆ మూడేళ్లూ నాకెదురుగా టాంసిన్.
మా మోకాళ్ల మధ్య జానెడు దూరం.
పడవలో తక్కినవాళ్లకి ముందువాళ్ల వీపు కనిపిస్తుంది,
టాంసిన్‌కి నా మొహం.
ఆమె కింది పెదవి వణికిందంటే
ఇంకా ఎన్ని తెడ్లు వెయ్యగలదో నాకు లెక్క తెలుసు.
వాళ్ల నాన్న సామాను సర్దుకుని వెళ్లిపోయిన వారం
ఆమె చెంపల మీద చెమట కానిదాన్ని
ఆ పడవలో నేనొక్కదాన్నే చూశాను.
చూసి,
"ఏడు," అన్నాను.
"ఎనిమిది," అన్నాను.

పోటీ రోజు గట్టంతా సాసేజీల పొగ.
నా సీట్లో తొమ్మిదో క్లాసు పిల్ల,
ఈలలాంటి సన్నటి గొంతు.
మూడో స్థానం.
నేనుంటే అని ఎవరూ అనలేదు,
నా నాలుక కింద మాత్రం లెక్క నడుస్తూనే ఉంది.

సోమవారం లాకర్ల దగ్గర టాంసిన్ నా పక్కకి వచ్చింది.
ఇద్దరం కెమిస్ట్రీ గది వైపు నడిచాం.
పక్కపక్కన నడవడం మాకు అలవాటు లేదు,
భుజాలు రెండుసార్లు తగిలాయి.
ఇంత పొడుగని నాకు తెలీదు.
ఆమె మొహం చూడాలంటే
మెడ తిప్పి, పైకెత్తాలి.
అరచేతిలో కాయలు చూపించింది, తొక్క లేచిపోతున్నాయి.
నాకేం చూపించాలో తోచక
కిట్‌క్యాట్ విరిచి సగమిచ్చాను.

గది తలుపు ఒకళ్లు పట్టేంతే ఉంది.
ఇద్దరం ఆగాం.
ఎవరు ముందో ఎవరో ఒకరు చెప్పాలి.
ఆమె నా నోటి వంక చూస్తోంది, పాత అలవాటు.

నేనేమీ చెప్పలేదు.