తలకో బ్లేడు

గడ్డే చెప్పింది, మిషను చెప్పలేదు.
కాలేజీ మైదానంలో నిన్న కోసిన కొసలన్నీ
తెగకుండా చీలి, తెల్లబడి
చీపురు పుల్లల్లా నిలబడున్నాయి.

షెడ్డు ముందు గోనెపట్టా పరిచాను.
మొదట ప్లగ్గు మీది నల్ల తొడుగు లాగెయ్యాలి.
స్పానరు కన్నా ముందు, గ్లవుజుల కన్నా ముందు.
వైరు దూరంగా వంచి మళ్ళీ చూసుకున్నాను,
తాళం వేశానా లేదా అని
వీధి మలుపు నించి వెనక్కొచ్చేవాడిలా.

ఆగిన మిషను ఆగినట్టు కాదు.
బ్లేడు చేత్తో కాస్త తిప్పితే చాలు,
లోపల మిగిలిన గుక్కెడు పెట్రోలు లేచి కూర్చుంటుంది.
గజేంద్రకి ఆ గుక్కెడే సరిపోయింది.
ఇప్పుడు గేటు దగ్గర వాచ్‌మన్.
ప్రిన్సిపాల్ కారుకి ఎడమ చేత్తో సెల్యూట్ కొడతాడు.

పెట్రోలు ట్యాపు కట్టి,
ఎయిర్ ఫిల్టర్ ఆకాశం చూసేలా పక్కకి వాల్చి,
బ్లేడు కదలకుండా చెక్కముక్క ఇరికించి, విప్పాను.
నాలుగు నొక్కులు.
ఒకటి రాయి.
ఒకటి, స్నాతకోత్సవం పందిరి వాళ్ళు మరిచిపోయిన ఇనప మేకు.
మూడోది ఎవరో పిల్ల కాలిపట్టీ, ఆ టప్పుమన్న చప్పుడు ఇంకా చెవిలోనే ఉంది.
నాలుగోది తెలీదు.

నొక్కులైతే ఆకురాయితో పోతాయి.
రెక్క వంపులో మాత్రం
వెంట్రుకంత పగులు, గోటికి తగిలింది.
"వెల్డింగ్ పెట్టించెయ్ చెంగల్రాయులూ, ఈ నెల బిల్లు కాదు"
అన్నాడు సూపర్‌వైజరు.
నేనేం అనలేదు.
దాన్ని ఆయన ఫైళ్ళ మీద పెట్టి
గోటితో రాసి చూడమన్నాను.

మా దేశమ్మది కొండమీద కల్యాణకట్టలో పని.
తలకో కొత్త బ్లేడు.
రాత్రి జీవకోన ఇంట్లో కాళ్ళకి నూనె రాసుకుంటా నవ్వింది:
"ఎవురి తలైనా కదిలితే నా చెయ్యి ఆగిపోతాది.
నీ దానికి చెయ్యేదీ?"

మూడో రోజుకి కొత్తది వచ్చింది.
కొత్తదే అయినా గోడమేకుకి తగిలించి చూశాను,
త్రాసుకోలలా నిలబడింది.
రెక్కలు ఇంజను వైపుండాలి.
తిరగేస్తే గాలి పుట్టదు, గడ్డి లేవదు.
బోల్టు బిగించి,
చెక్కముక్క తీసి,
మిషను నిలబెట్టేసరికి
వెనక గజేంద్ర ఉన్నాడు, ఎప్పుడొచ్చాడో.

"తొడుగు నేను పెడతా" అన్నాడు.

ఎడమ చేత్తో నొక్కాడు.
టక్కుమంది.
తాడు లాగేటప్పటికి
గేటు దగ్గరికి వెళ్ళిపోయాడు,
అటు తిరిగి నిలబడ్డాడు.