ఆసాడపు గాలి

మగ్గం మీద మిగిలిన ఎర్ర దారం మూరెడు,
పక్కింటి పుంజు మెడకాడి ఈకెలు మూడు,
రెండో నంబరు గాలం.
రాత్రి బుగ్గ కింద కూసోని కట్టిన.
ఈగ అన్న నేను.
"ఈగనా, ముక్కుపుడకనా?" అన్నది మా ఆమె.

పొద్దుగాల కొత్తవాడల ఎక్సెల్ బండి ఎక్కి
నర్సంపేట దాటేసరికే
గాలి అంగీల దూరి నన్ను లావు చేసింది.
పాకాల కట్టెక్కి చూస్తే
చెరువు చెరువంత గొర్ల మంద లెక్క
తెల్ల తలలూపుకుంట అవుతలి గడ్డకు ఉరుకుతున్నది.

బోయిని రాజీరు పుట్టిని బోర్లేసి
దాని మీదనే కూసున్నడు.
ఒక్క బీడీకి మూడు అగ్గిపుల్లలు పోయినయి.
"ఇయ్యాల నువ్వు చేపను పట్టుడు కాదు,
గాలి నిన్ను పడతది" అన్నడు.
అనుకుంటనే పుట్టిని మల్లేసి నీళ్లలకు నూకిండు.
ఆయన వద్దనుడు గట్లనే ఉంటది.

పుట్టికి ముందు లేదు, ఎనుక లేదు.
గాలి కొడితే ఇసుర్రాయి లెక్క తిరుగుతది.
గుట్ట, తూము, రాజీరు మొఖం,
మల్ల గుట్ట, మల్ల తూము.
తాడుకు కట్టిన పగిలిన రోలు ముక్క
అడుగుల బురదను దున్నుకుంట వస్తున్నది గని
ఆగుతలేదు.

ఇసిరిన.
నలబై ఏండ్లు నాడె ఇసిరిన చెయ్యి ఇది,
జంపఖానా అంచు ఎన్నడు తప్పలే.
కని నాడెకు పడుగు తొవ్వ చూపిస్తది,
ఈడ తొవ్వేది?
ఈగ పోయినంత దూరం పోయి
మనసు మార్చుకోని మర్లొచ్చి
రాజీరు తలకు సుట్టిన తువ్వాలల కుచ్చుకున్నది.
"పెద్ద చేపనే పడ్డది" అన్నడు, తల తిప్పకుండ.
రెండోసారి నా మోచేతికి.
మూడోసారి లంగరు తాడుకు.
చిక్కు తీసుడు, ఇసురుడు, చిక్కు తీసుడు.
మిరం అద్దుకోని జొన్నరొట్టె తింటుంటె
సగం రొట్టె గాలే తిన్నది.

పొద్దు వాలినంక
తుంగ చాటుకు కొట్టుకపోయినం.
ఆడ గాలి లేదు.
చెవులు ఒక్కసారి ఖాళీ అయినయి.
నీళ్ల మీద, చాటెడు జాగల,
రంగు బానల ముంచిన నూలును జాడించినట్టు
ఎర్రగ ఏదో కదులుతున్నది,
సన్నగ ఉడుకుతున్నట్టు బుడగలు.

"కొరమీను పిల్లలు" అన్నడు రాజీరు,
పొద్దటిసంది అరిసిన మనిషి గుసగుసగ.
"కిందనే ఉంటది తల్లి.
దగ్గరికి ఏదొచ్చినా కరుస్తది,
ఆకలికి కాదు."

నా చెయ్యి అప్పటికే లేసింది.
దినమంత తప్పిన చెయ్యి గప్పుడు తప్పలే.
ఎరుపు అంచుకు ఈగ వాలింది,
నీళ్లు పగిలినయి.
తాడు బిగిసి, పుట్టి తిరుగుడు ఆపి
నీటుగ ఒక్క దిక్కుకు సాగింది.
పుట్టికి ముందున్నదని గప్పుడు తెలిసింది నాకు.

నల్ల తల పైకొచ్చింది, నెత్తి మీద పాము పొలుసులు.
మూడు కిలోలుంటది.
"రాజీరూ, పట్టు" అన్న.
ఆయన చేప దిక్కు చూస్తలేడు.
వంగి పుట్టి కిందికి చూస్తున్నడు.

ఎరుపు మొత్తం మా నీడలకు వచ్చింది.
తోలుకు ఆనుకోని, బుడగలు తేలుసుకుంట,
ఎటూ పోతలేదు.
"దీన్ని తల్లి అనుకున్నయి" అన్నడు
పుట్టి అంచు మీద చెయ్యేసి.

ఎవ్వరం ఏం అనుకోలే.
ఆయనే దవడ పట్టి గాలం ఊడదీసిండు.
బొటనేలు చీరితే దాన్ని బూతు తిట్టిండు,
నన్ను ఇంకో రెండు.
"మా సొసైటీల ఎవ్వనికి చెప్పకు" అన్నడు.
తెడ్డు నీళ్లల పెట్టలే, ఒళ్లె పెట్టుకున్నడు,
కిందికెల్లి ఆ ఎరుపు మెల్లగ జరిగి
మల్ల తుంగ దిక్కు పోయేదాంక.
తర్వాత గాలి మమ్ముల దొరకబట్టుకున్నది.
గుట్ట, తూము, గుట్ట.

ఇంట్ల ఆమె సంచి చూడలే, చెయ్యి సాపింది.
ఈగను అరచేతుల పెట్టిన.
ఒక్క ఈకె మిగిలింది, దారం పోగులు లేసినయి.
బుగ్గ కింద అటు ఇటు తిప్పి చూసి
"దీన్నేదో ముట్టుకున్నది" అన్నది.