మూడు గళ్ళ కాగితం

కలామాలో వాన పడదు.
పడదంటే పడదు, మా స్కూలు పైకప్పుకి చూరే లేదు.
అయినా పదిహేడేళ్ళప్పుడు నేను
ఈ కాగితం మీదే, ఈ మొదటి గడిలోనే
"సముద్ర జీవశాస్త్రం" అని రాశాను.
అప్పటికి నేను సముద్రాన్ని చూసింది
సార్డీన్ చేపల డబ్బా మీది బొమ్మలోనే.

ఇప్పుడు బల్లకి ఇవతల కూర్చున్నాను.
నలభై ఒక్క కాగితాలు, ఒక్కోదానికీ మూడు గళ్ళు.
మొదటి కోరిక, రెండో కోరిక, మూడో కోరిక:
కథల్లో సీసాలోంచి లేచిన భూతం అడగమన్నన్ని.
ఇరవై ముగ్గురు రాగి గని అన్నారు.
గనిలో ఏం చేస్తారంటే భుజాలెగరేశారు,
మేడంత లారీలున్నాయి కదా, నడుపుతాం.
ఒకడు మూడు గళ్ళలోనూ "నిద్ర" అని రాశాడు.
వాణ్ణి తిట్టలేదు. వాళ్ళ నాన్నది రాత్రి షిఫ్టు,
ఆ ఇంట్లో అన్నిటికన్నా ఖరీదైన వస్తువు అదే.

యారిట్సా కొల్కే కాగితం ఖాళీగా వచ్చింది.
పూర్తిగా ఖాళీ అనీ అనలేను.
రాసి చెరిపి, రాసి చెరిపి
మొదటి గడి పల్చబడి
అవతలి వెలుగు కనిపిస్తోంది.

"ఏమిటమ్మా ఇది?"
"దానికి పేరు తెలీదు మేడమ్."
"పేరు లేని పని ఉండదు."
"ఉంటుంది. నేను రోజూ చేస్తున్నాను."

రాయి పిండిచేసే యంత్రం పక్కన
ఇరవై రెండేళ్ళు నిలబడ్డాడట వాళ్ళ నాన్న ఎలియుతేరియో.
జీతం ఇంటికి తెచ్చాడు,
చెవులు అక్కడే వదిలేశాడు.
ఆ ఇంట్లో ఉప్పు అందుకోమన్నా
వీధిలో పడుకున్న కుక్కలు లేచి వెళ్ళిపోతాయి.
అరిచి అరిచి అమ్మ మాటలే తగ్గించేసింది.
మధ్యలో ఈ పిల్ల
ఆయన ముఖానికి ఎదురుగా వెళ్ళి,
దీపం వైపు తిరిగి, పెదవులు కనిపించేలా
ఒక్కో మాటా ఒలిచి పెడుతుంది
కమలా తొనల్లా.

"మనుషులకి మళ్ళీ వినపడేలా చేసే చదువు
ఏదైనా ఉందా మేడమ్?
డాక్టర్ కాదు. అంత డబ్బు లేదు."

కేటలాగు తిరగేశాను. వేలు తడిచేసుకుని మరీ తిరగేశాను.
నూట పన్నెండో పేజీ. ఉంది.
వాక్కు, వినికిడి. ఆంతోఫగాస్తాలో, అయిదేళ్ళు.
అక్కడ సముద్రం కూడా ఉంటుంది.
ఆ మాట నేను అనలేదు.
చదువు పేరు వినిపిస్తే
ఆ పిల్ల నవ్వలేదు, ఏడవలేదు.
రెండుసార్లు పెదవులతో పలికి చూసుకుంది,
శబ్దం లేకుండా.

శుక్రవారం తల్లిదండ్రులొచ్చారు.
నేలిదా చేతిలో పాత రసీదు, దాని వెనక లెక్కలు.
బస్సు మూడు గంటలు, నెలకి రెండుసార్లు.
గది. గ్యాస్. ఫీజు ప్రభుత్వం కడుతుంది సరే,
రొట్టె కూడా కడుతుందా?
కోటి విద్యలూ కూటి కొరకే అంటారు,
ముందు ఆ విద్యకి కూడెవరు పెడతారని ఆమె అడుగుతోంది.
నా దగ్గర సగం జవాబే ఉంది, ఆ సగమే చెప్పాను:
స్కాలర్‌షిప్ గడువు పదమూడో తారీఖు,
వస్తుందని హామీ లేదు.

ఎలియుతేరియో టోపీ మోకాలి మీద పెట్టుకుని
నా పెదవులకేసి చూస్తున్నాడు.
"ఎన్నేళ్ళు?" అన్నాడు, అద్దాలు అదిరేలా.
"అయిదు."
మా భాషలో అయిదూ పదిహేనూ దాయాదులు,
ఒకదాన్ని పిలిస్తే రెండోది పలుకుతుంది.
"పదిహేనా" అన్నాడు.
కిటికీ బయట దుమ్ము లేచింది.
వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు,
తన వయసో, ఇంకా చెయ్యాల్సిన షిఫ్టులో.
"సరే. పదిహేనంటే పదిహేను. చదవనీ."

ఎవరం మాట్లాడలేదు.
యారిట్సా కుర్చీ జరుపుకుని ఆయన ఎదుటికి వెళ్ళింది,
కిటికీ వెలుగు తన ముఖం మీద పడేలా.
కుడిచేతి వేళ్ళు అయిదూ విప్పింది.

కాగితం ముందుకి తోశాను.
మొదటి గడి నిండింది.
మిగతా రెండూ నింపకపోతే కంప్యూటర్ తీసుకోదు.
రెండో గడి అంటే ఏమిటో నాకు తెలుసు,
నేను బతుకుతున్నది అందులోనే.
అదేం చెడ్డ గడి కాదు.
"తొందర లేదు" అన్నాను,
"సోమవారం దాకా టైముంది."